దుమ్ము రోజు, ఆ తర్వాతి మూడు రోజులు: కువైట్ పోయేవాళ్ల కోసం నా అనుభవం

ఉదయగిరి, వింజమూరు, పామూరు, కనిగిరి వైపు నుంచి కువైట్ పోయేవాళ్లు జీతం గురించి అడుగుతారు, ఎండ గురించి అడుగుతారు. దుమ్ము గురించి అడిగేవాళ్లు తక్కువ. గాలిదుమారం మనకు కొత్తా అనుకుంటారు. మనవైపు వైశాఖంలో లేచే దుమారం వానకు ముందొస్తుంది. అరగంట తలుపు మూసుకుంటే పోతుంది, వెనకాలే నాలుగు చినుకులు పడి గాలిలో ఉన్న ధూళిని దించేస్తాయి. కువైట్‌లో మార్చి నుంచి మే దాకా ఉరుములతో వచ్చే దుమారాలు కొంత ఇలాంటివే. జూన్, జూలైల్లో వచ్చేది వేరు. వాయవ్యం నుంచి వీచే ఆ గాలిని షమాల్ అంటారు. ఇరాక్ దక్షిణాన ఎండిపోయిన మైదానాల మట్టిని ఎత్తుకొచ్చి, వాన చుక్క లేకుండా, రోజుల తరబడి గాలిలోనే నిలబెడుతుంది.

సైట్లలో సేఫ్టీ పని చూసినవాడిగా ఆ రోజుల్లో నేను పాటించినదీ, నాతో ఉన్నవాళ్ల చేత పాటింపజేసినదీ ఇక్కడ రాస్తున్నాను. అన్నిటికంటే ముందు ఒక సంగతి బుర్రలో పెట్టుకోవాలి. మొహానికి కొట్టి మండించే ఇసుక ఊపిరితిత్తుల్ని చెడగొట్టదు. చెడగొట్టేది కంటికి కనపడని నుసి. అది దుమారం ఆగిపోయాక కూడా గాలిలో ఉంటుంది.

ఇసుక రేణువు 60 మైక్రాన్లకు పైన ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అంటే దాదాపు తలవెంట్రుక మందం. బరువు కాబట్టి నేలకు దగ్గరగా గెంతుతూ పోతుంది. కంట్లో పడుతుంది, చర్మాన్ని గీరుతుంది, ముక్కులోకి పోయినా అక్కడే ఆగిపోతుంది. పది మైక్రాన్లకు తక్కువున్న ధూళి గొంతు దాటి శ్వాసనాళాల్లోకి దిగుతుంది. రెండున్నర మైక్రాన్లకు తక్కువున్నది ఊపిరితిత్తుల చివరి గాలిగదుల దాకా పోతుంది. గాలి కదలని గదిలో పది మైక్రాన్ల కణం పైకప్పు నుంచి నేలకు దిగడానికి కొద్ది నిమిషాలు చాలు. ఒక మైక్రాన్ కణానికి గంటలకు గంటలు పడుతుంది. ఆకాశం నీలంగా కనిపించగానే మాస్కు తీసి కిటికీలు బార్లా తెరిచేవాళ్లు పీల్చేది ఈ మిగిలిన నుసినే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన హద్దు ప్రకారం, పది మైక్రాన్ల లోపు ధూళి ఒక రోజు సగటున ఘనపు మీటరు గాలిలో 45 మైక్రోగ్రాములు దాటకూడదు. గట్టి దుమ్ము రోజున అది వేలల్లోకి పోతుంది. 2022 మే నెల 16, 23 తేదీల్లో దుమ్ము వల్ల కువైట్ విమానాశ్రయంలో విమానాలు ఆపేశారు. అదే నెల మొదట్లో ఇరాక్‌లో ఒక్క దుమారానికి 5,000 మందికి పైగా ఊపిరాడక ఆస్పత్రులకు పోయారు. పడమటి గాలికి అలవాటు పడ్డ ఒళ్లు మనది అనే ధీమా అక్కడ పనికిరాదు.

ఊరి నుంచి బయలుదేరేటప్పుడే సర్దుకోవాల్సినవి ఉన్నాయి. మొదటిది మాస్కు. ఎన్95 గానీ ఎఫ్ఎఫ్‌పీ2 గానీ తీసుకోండి. ఎన్95 అతి సన్నటి కణాల్లో కనీసం 95 శాతం, ఎఫ్ఎఫ్‌పీ2 కనీసం 94 శాతం ఆపుతుంది. మన దేశంలో చేసిన ఎఫ్ఎఫ్‌పీ2 మీద ఐఎస్ 9473 అని, ఐరోపా పద్ధతి సరుకు మీద ఈఎన్ 149 అని అచ్చువేసి ఉంటుంది. ఏ అచ్చూ లేకుండా ఎన్95 అని మాత్రమే రాసి బజారులో అమ్మేవాటిని నమ్మొద్దు. చెవులకు తగిలించుకునే రకం కంటే తల వెనక్కి రెండు పట్టీలు పోయే రకమే మొహానికి బిగుతుగా పడుతుంది. ముందు చిన్న వాల్వు ఉన్నా దుమ్ముకు ఇబ్బంది లేదు, వేడికి అదే కాస్త నయం. ఆస్పత్రుల్లో వేసుకునే పల్చటి నీలం మాస్కుకు పక్కలన్నీ సందులే.

మాస్కు మంచిదైనా వేసుకునే తీరు తప్పైతే లాభం లేదు. పై పట్టీ నడినెత్తి వెనక, కింది పట్టీ చెవుల కింద మెడ వెనక ఉండాలి. రెండు పట్టీలూ మెడ మీదికి జారిస్తే గడ్డం కింద సందు పడుతుంది. ముక్కు మీది రేకును ఒక చేత్తో గిల్లినట్టు నొక్కితే మధ్యలో మడతపడి పక్కల గాలి పోతుంది. రెండు చేతుల వేళ్లతో మధ్య నుంచి పక్కలకు అదుముతూ పోవాలి. తర్వాత రెండు అరచేతులూ మాస్కు మీద ఆనించి గట్టిగా ఊపిరి వదలాలి. కళ్లవైపు గాలి తగిలితే రేకు మళ్లీ సర్దాలి, చెంపల దగ్గర తగిలితే పట్టీలు వెనక్కి లాగాలి. వాల్వు ఉన్న మాస్కైతే ఊపిరి లోపలికి లాగి చూడాలి, మాస్కు మొహానికి అతుక్కుపోతే సరిగ్గా పట్టినట్టు. ఆ పొద్దున గడ్డం గీసుకోవాలి. రెండు మూడు రోజుల గడ్డం ఉన్నా వెంట్రుకల సందున నుసి దూరిపోతుంది. గడ్డం తీయనివాళ్లకు ఆ రోజు బయట పని చెప్పకపోవడమే మేలు.

మాస్కును ఉతకకూడదు, దులపకూడదు. చెమటకు తడిసి ముద్దైనా, ఊపిరి లాగడం బరువైనా, పట్టీ సాగిపోయినా పారేయాలి. పొడిగా ఉంటే కాగితం కవర్లో వేలాడదీసి మర్నాడు వాడుకోవచ్చు. ప్లాస్టిక్ కవర్లో కట్టిపెడితే చెమ్మ ఆరదు. జూన్, జూలైల్లో బయట పని చేసేవాళ్లకు ఇరవై మాస్కుల పెట్టె ఒకటి దగ్గర ఉండాలి.

మాస్కు లేని వేళ తుండుగుడ్డే గతి. నూలు తుండు రెండు మడతలు వేసి, తడిపి పిండి, ముక్కూ నోరూ కప్పి, కొసలు చొక్కాలోకి దోపాలి. ఇది ముతక దుమ్మును ఆపుతుంది, నుసిని ఆపదు. నీడ చేరేదాకా పనికొస్తుంది గానీ దాన్ని కట్టుకుని పూటంతా పని చేయకూడదు.

రెండోది మందులు. ఉబ్బసం ఉన్నవాళ్లు ఇన్‌హేలర్లు, స్పేసరు (ఇన్‌హేలరుకు తగిలించి మందు పీల్చే గొట్టం), డాక్టరు చీటీ మూడూ పెట్టుకోవాలి. చీటీలో కంపెనీ పేరుతో పాటు సాల్బుటమాల్, బుడెసొనైడ్ అని మందు పేరు రాయించుకోండి, అక్కడ కంపెనీ పేర్లు మారతాయి. చెప్పక తప్పని ఇంకో మాట. దగ్గుకని కోడీన్ కలిసిన సిరప్పులు, నొప్పులకని ట్రమడాల్, నిద్రకని బిళ్లలు సంచిలో వేసుకుని పోకండి. గల్ఫ్‌లో ఇవి కట్టడి ఉన్న మందులు. తగిన కాగితాలు లేకుండా దొరికితే జైలు దాకా పోతుంది. పక్కింటివాళ్లు మావాడికివ్వమని ఇచ్చిన మందుల పొట్లం కూడా తెరిచి చూడకుండా తీసుకోవద్దు.

దుమ్ము వస్తున్నట్టు ముందే తెలుసుకోవచ్చు. కువైట్ వాతావరణ శాఖ హెచ్చరికలు ఫోన్‌లో దొరుకుతాయి. ప్రపంచ వాతావరణ సంస్థ తరఫున బార్సిలోనాలో నడిచే ధూళి కేంద్రం మూడు రోజుల ముందు దాకా పటాల్లో చూపిస్తుంది. రేపు వాయవ్యపు గాలి గట్టిగా ఉందని తెలిసిన సాయంత్రమే గది సర్దడం మొదలుపెట్టాలి. దుమ్ము లేచాక కిటికీకి టేపు అంటుకోదు.

క్యాంపు (పనివాళ్ల బస) గదిలో దుమ్ము దూరే చోట్లు తలుపు కింది సందు, కిటికీ రెక్కల కలయిక, కిటికీ ఏసీ చుట్టూ ఉన్న చెక్క, బాత్రూం ఎగ్జాస్ట్ ఫ్యాను. తలుపు కింద తడి తువ్వాలు చుట్టి పెట్టాలి, ఆరినప్పుడల్లా తడపాలి. కిటికీ రెక్కలకు, ఏసీ చెక్కకు మాస్కింగ్ టేపు వేయాలి. కిటికీ ఏసీకి బయటి గాలి లాగే చిన్న మీట ఉంటుంది, అది మూసి ఉండాలి. స్ప్లిట్ ఏసీ గదిలో గాలినే తిప్పుతుంది కాబట్టి నిశ్చింతగా వేసుకోవచ్చు. మన ఇళ్లలో వాడే నీళ్ల కూలరు మాత్రం ఆపేయాలి. అది బయటి గాలినే లోపలికి నెడుతుంది, దాని తడి గడ్డి ముతక దుమ్మును పట్టినా నుసిని వదిలేస్తుంది.

ఇట్లా మూసిన గదిలో స్టవ్ వెలిగించకూడదు. బొగ్గుల కుంపటి, సాంబ్రాణి, దోమల చక్రం, సిగరెట్ ఏదీ వద్దు. గాలి మారని గదిలో కార్బన్ మోనాక్సైడ్ చేరితే వాసన ఉండదు, మగతగా ఉండి నిద్రలోనే ప్రాణం పోతుంది. దుమ్ము నుంచి తప్పించుకోబోయి ఇందులో చిక్కుకోకూడదు. వంట వేరే వంటగదిలో చేయాలి, లేదంటే ఆ పూట ఖుబ్బూస్ (అక్కడి రొట్టె), పెరుగు, ఖర్జూరాలతో గడిపేయాలి.

దుమ్ము రోజున బయట పని తప్పనివాళ్ల సంగతి. చూపు కిలోమీటరు లోపు పడిపోతే దాన్ని ధూళి తుఫాను కిందే లెక్కగడతారు. క్రేన్ పని, ఎత్తు మీద పని ఆపమని అడగాలి. జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పొద్దున 11 నుంచి సాయంత్రం 4 వరకు ఎండలో పని చేయించకూడదని కువైట్ ప్రభుత్వ నిబంధన ఉంది. దుమ్ము కూడా ఉన్న రోజు అందులో ఒక్క గంట కూడా వదులుకోవద్దు. మాస్కు పెట్టుకుంటే నీళ్లు తాగడం తగ్గిపోతుంది, అక్కడే వడదెబ్బ తగులుతుంది. ఇరవై నిమిషాలకొకసారి గాలి తగలని చోటికి పోయి, మాస్కు తీసి, గ్లాసు నీళ్లు తాగి, మళ్లీ వేసుకుని అరచేతులతో పరీక్ష చేసుకోవాలి. ముక్కుపుటాల అంచున వ్యాజిలిన్ పల్చగా రాసుకుంటే పొడిబారి రక్తం కారడం తగ్గుతుంది. కారితే తల వెనక్కి వాల్చకూడదు. ముందుకు వంగి, ముక్కు మెత్తటి భాగాన్ని పది నిమిషాలు వదలకుండా పట్టుకోవాలి.

కళ్లకు మామూలు చలువద్దాలు చాలవు. చుట్టూ రబ్బరు అంచు ఉన్న గాగుల్స్ కావాలి. కాంటాక్ట్ లెన్సులు ఆ రోజుకు తీసేయాలి. కంట్లో నలుసు పడితే చెయ్యి కంటికి పోకుండా ఆపుకోవడమే కష్టం, కానీ అదే ముఖ్యం. నలిపితే ఇసుక రేణువు నల్లగుడ్డు మీద గీత గీస్తుంది. శుభ్రమైన నీళ్లు గానీ సెలైన్ గానీ ధారగా పోస్తూ రెప్పలు టపటపా ఆడించాలి. పై రెప్ప కింద ఉంటే రెప్ప వెంట్రుకలు పట్టుకుని కింది రెప్ప మీదికి లాగి వదలాలి. తల్లిపాలు, ఆముదం చుక్కలు వేయొద్దు. మందుల షాపులో ఎర్రకళ్లకని ఇచ్చే డెక్సామెథసోన్ కలిసిన చుక్కలు ఇంకా ప్రమాదం. గుడ్డు మీద గాయం ఉంటే ఆ స్టెరాయిడు పుండును పెంచుతుంది. ఒక రోజు గడిచినా నొప్పి ఉన్నా, వెలుతురు చూడలేకపోయినా, చూపు మసకబారినా కంటి డాక్టరు దగ్గరికి పోవాలి.

గదికి తిరిగొచ్చాక ఏది ముందు, ఏది వెనక అన్నది లెక్కే. బూట్లు, పైబట్టలు గుమ్మం బయటే విప్పి, దులపకుండా సంచిలో వేసి ముడివేయాలి. మాస్కు చివర్లో తీయాలి. తల మీంచి నీళ్లు పోసుకోవాలి. జుట్టులో దుమ్ముతో పడుకుంటే దిండు నుంచి రాత్రంతా పీల్చినట్టే. తర్వాత ముక్కు కడుక్కోవాలి. కాచి చల్లార్చిన నీళ్లు 240 మిల్లీలీటర్లలో అర టీస్పూనుకు కాస్త తక్కువ ఉప్పు కలిపి, ఒక ముక్కుపుటంలోంచి పోసి రెండో వైపు నుంచి పోనివ్వాలి. కుళాయి నీళ్లు నేరుగా ముక్కులోకి వద్దు, అరుదుగానైనా ప్రాణం తీసే క్రిమి ఉండొచ్చు. గొంతుకు గోరువెచ్చటి ఉప్పునీళ్లు పుక్కిలిస్తే సరిపోతుంది.

ఇళ్లలో పనిచేసే అక్కచెల్లెళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. దుమారం నడిచినంతసేపూ మీరు లోపలే ఉంటారు. అది ఆగగానే వాకిలి ఊడ్చు, కార్లు కడుగు, తివాచీలు దులుపు అంటారు. రోజంతా బయట ఉన్న డ్రైవరుకంటే ఆ రెండు గంటల్లో మీ ఊపిరితిత్తుల్లోకి పోయేది ఎక్కువ కావచ్చు. ఎందుకంటే కిందికి దిగిన నుసిని చీపురు మళ్లీ మొహం ఎత్తుకు లేపుతుంది. కాబట్టి మాస్కు లేకుండా ఆ పని మొదలుపెట్టొద్దు. వాకిలి మీద ముందు నీళ్లు చల్లి, నేల తడిసేదాకా ఆగి, అప్పుడు నీళ్లతోనే తోయాలి. లోపల చీపురు ముట్టకుండా తడిగుడ్డతో పై నుంచి కిందికి, అంటే అల్మారాల పైభాగం, కిటికీ అంచు, చివర్న నేల, ఈ వరసలో తుడవాలి. గుడ్డను బకెట్‌లో జాడించి నీళ్లు మారుస్తుండాలి. తివాచీలు మర్నాటికి వాయిదా వేయమని అడగండి. మీరు దగ్గుతూ పడుకుంటే ఆ ఇంటికీ ఇబ్బందే, ఆ మాట నెమ్మదిగా చెబితే చాలామంది వింటారు. ఏసీ ఫిల్టరు కూడా నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకే పెట్టాలి. తడిది పెడితే బూజు పడుతుంది.

తర్వాతి మూడు రోజులు అసలు జాగ్రత్త. దుమ్ము రోజున బాగానే ఉన్న ఉబ్బసం మనిషికి మర్నాడో మూడో రోజో ఆయాసం రావడం మామూలు. శ్వాసనాళాల వాపు నెమ్మదిగా పెరుగుతుంది. అందుకే రోజూ వాడే నివారణ ఇన్‌హేలరును దుమ్ము వచ్చాక మొదలుపెడితే వెంటనే ఫలితం ఉండదు. సీజను ముందు నుంచే మానకుండా వాడాలి, వాడిన ప్రతిసారీ నోరు పుక్కిలించాలి. ఆయాసం వచ్చి పిల్లికూతలు వినిపిస్తే కూర్చోబెట్టాలి, పడుకోబెట్టకూడదు. సాల్బుటమాల్ ఇన్‌హేలరును ఊపి, స్పేసరులో ఒక్క పఫ్ కొట్టి, నాలుగైదు సార్లు నిదానంగా పీల్చాలి. ఇట్లా నాలుగు పఫ్‌లు. ఇరవై నిమిషాల్లో తగ్గకపోతే ఇంకో నాలుగు ఇస్తూనే 112కు ఫోన్ చేయాలి. స్పేసరు లేకపోతే అర లీటరు నీళ్ల సీసా అడుగున ఇన్‌హేలరు మూతి బిగుతుగా పట్టేంత రంధ్రం చేసి, చుట్టూ టేపు వేసి, సీసా మూతి నోట్లో పెట్టుకుంటే పని జరుగుతుంది. ఇన్‌హేలరును కారు డ్యాష్‌బోర్డు మీద వదలొద్దు. 50 డిగ్రీలు దాటితే ఆ డబ్బా పేలే ప్రమాదం ఉంది. ఒక్కో డబ్బాలో మామూలుగా 200 పఫ్‌లు ఉంటాయి, లెక్క పెట్టుకోవాలి.

వేలికి పెడితే రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సీమీటరు గదికొకటి ఉంటే మంచిది. 92 కంటే తగ్గితే ఆలస్యం చేయొద్దు. 96 చూపించినంత మాత్రాన ధైర్యం కూడా వద్దు. ఒక్క ఊపిరిలో ఒక మాట పూర్తిచేయలేకపోవడం, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాగడం, పెదాలు నీలం తిరగడం కనిపిస్తే అంకె ఎంతున్నా ఆస్పత్రికే. యాభై దాటినవాళ్లు, షుగరు, బీపీ ఉన్నవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. నుసి గుండె మీద కూడా భారం వేస్తుంది. రొమ్ము బరువెక్కి, ఎడమ చెయ్యో దవడో లాగుతూ చెమటలు పడితే గ్యాస్ అని సోడా తాగి పడుకోవద్దు. దుమ్ము తగ్గిన రెండు మూడు రోజులకు చలిజ్వరం, పసుపు కఫం వస్తే నెమ్ము చేరినట్టు అనుమానించి చూపించుకోవాలి.

బెల్లం ముక్క తింటే దుమ్ము కడుక్కుపోతుందని మన క్వారీల్లో గట్టి నమ్మకం ఉంది. గల్ఫ్ క్యాంపుల్లోకీ అదే పోయింది. తిన్నది ఆహారనాళంలోకి పోతుంది, దుమ్ము ఉన్నది గాలిగొట్టంలో. రెండూ కలవవు. బెల్లం తింటే తినండి, మాస్కు బదులుగా తినకండి. ఆవిరి పట్టినా ముక్కు తేలికవుతుందేగానీ ఊపిరితిత్తుల నుంచి నుసి బయటికి రాదు.

డ్రైవర్లకు రెండు మాటలు. ఏసీలో బయటి గాలి రాకుండా లోపలి గాలి తిరిగే బటన్ నొక్కాలి. చూపు ఆనకపోతే రోడ్డు పూర్తిగా దిగి బండి ఆపి, లైట్లన్నీ తీసేసి, బ్రేకు మీది నుంచి కాలు తీయాలి. వెలిగే ఎర్రలైటు చూసి అదే దారి అనుకుని వెనకవాడు వచ్చి గుద్దుతాడు. ఎడారిలో గొర్రెలు, ఒంటెలు కాసేవాళ్లకు గది ఉండదు. నీళ్ల ట్యాంకరుకో బండికో గాలి తగలని పక్కన, గాలికి వీపు పెట్టి కూర్చోవాలి. ఇంజను ఆపిన బండి లోపల అద్దాలు ఎత్తుకుని కూర్చోవడం ఆ ఎండలో దుమ్ముకంటే తొందరగా చంపుతుంది.

సైదాపురం వైపు పలుగురాయి గనుల్లోనో, మార్కాపురం పలకల పనిలోనో ఏళ్లతరబడి చేసి గల్ఫ్ పోయేవాళ్లు ముందే ఛాతీ డాక్టరుకు చూపించుకుని, ఎక్స్‌రే కాపీ దగ్గర పెట్టుకోవాలి. ఆ రాతిపొడిలో సిలికా ఉంటుంది. అది లోపల మచ్చలు కట్టి ఉంటే ఎడారి దుమ్మును తట్టుకునే శక్తి తక్కువ. అక్కడి ఆస్పత్రిలో డాక్టరు అడిగే మొదటి ప్రశ్న కూడా పాత జబ్బు గురించే. ఉబ్బసాన్ని అరబ్బీలో రబూ అంటారు, ఊపిరాడకపోవడాన్ని దీగ్ నఫస్ అంటారు, దుమ్మును గుబార్ అంటారు. భాష రానివాళ్లు ఈ మూడూ, వాడే మందుల పేర్లూ, పడని మందుల పేర్లూ ఒక కాగితం మీద రాయించుకుని సివిల్ ఐడీ (కువైట్ గుర్తింపు కార్డు) వెనకే పెట్టుకోండి. ఆయాసంలో నోట మాట రాదు, కాగితం చూపిస్తే చాలు.